కొత్త ఆకులన్నీ చిట్టి చిట్టిగా వస్తున్నాయి: ఎండ వల్లా, నీళ్ల వల్లా, తెగులా?

నిజాంపేట_మిద్దె
మాది అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తు పైన మిద్దెతోట. కరివేపాకు, వంగ, మిర్చి, పాలకూర, కొంచెం బీన్స్. అన్నీ నల్ల గ్రోబ్యాగుల్లోనే. ఫిబ్రవరిలో వంగ ఆకు ఒక్కోటి నా అరచెయ్యంత ఉండేది. మార్చి మధ్య నుంచి వస్తున్న కొత్త ఆకులు అందులో సగం కూడా లేవు. కరివేపాకు రెమ్మ అయితే మరీ, ఆకులు వేలి గోరంత. పైగా పసుపు.

నీళ్లు పొద్దున, సాయంత్రం రెండు పూటలా పోస్తున్నాను. బలం చాలడం లేదేమో అని వర్మీకంపోస్టు కూడా రెట్టింపు చేశాను. నర్సరీ ఆయన ఒక టానిక్ ఇచ్చాడు, తేడా ఏమీ లేదు. పక్క ఫ్లాట్ ఆంటీ దిష్టి తగిలింది అంటున్నారు. నాకు రెండు విషయాలు కావాలి. ఎందుకిలా అవుతోంది? ఇప్పుడున్న ఈ చిన్న ఆకులు తర్వాతైనా పెద్దవవుతాయా?

కాప్రా_కుండీలు
వైరస్. పీకి పారేయండి, లేకపోతే మిగతావాటికి కూడా అంటుకుంటుంది.

ఖమ్మం_మిరప
@కాప్రా_కుండీలు ఫొటో కూడా చూడకుండా పీకెయ్యమంటే ఎట్లన్నా. మేము మిరప వేసేటోళ్లం, ముడత చూసే చెప్తం. ఆకు అంచులు పైకి లేచి దోనె లెక్క అయితే పైముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, ఆకు సన్నగ, కాడ పొడుగైతే కిందిముడత, నల్లి. ఆకులు గుబురుగ దగ్గర దగ్గరికి వచ్చి, ముద్దకట్టినట్టు గిడసబారితే బొబ్బర, తెల్లదోమ తెచ్చే వైరస్. ఈ మూడింట్ల ఏదీ కాకుండ ఆకు చక్కగ, చదునుగ, ఊరికే చిన్నగ ఉంటే అది తెగులు కాదు.

అక్కా, మీ మిరప ఆకు తిప్పి కింద చూడండి. పురుగు కనిపిస్తుందా?

నిజాంపేట_మిద్దె
చూశాను అన్నా. పురుగు లేదు, ముడత లేదు. మిర్చి, వంగ ఆకులు చదునుగానే ఉన్నాయి, చిన్నవి అంతే. కరివేపాకులో మాత్రం ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపు. అది కొత్త ఆకుల్లోనే, కింద ముదురు ఆకులు బాగానే ఉన్నాయి.

ఖమ్మం_మిరప
అయితే వంగలో వెర్రి తెగులు కూడా కాదు. వెర్రి తెగులైతే చిన్న చిన్న ఆకులు గుత్తులు గుత్తులుగ వచ్చి, పూత రాదు, చెట్టు చీపురు లెక్క అయితది. అది వచ్చిన చెట్టును పీకాల్సిందే. మీది అది కాదు.

బోటనీ_మేడం
డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు మొక్కల శరీరధర్మం చెప్పాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆకు పెరగడం అంటే రెండు పనులు. మొదట మొగ్గలోనే కణాలు విభజన చెంది సంఖ్య పెరుగుతుంది. తర్వాత ఒక్కో కణం ఉబ్బి ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. మన కంటికి కనిపించే పెరుగుదలలో ఎక్కువ భాగం ఈ రెండోదే. కణం ఉబ్బాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి, సైకిల్ ట్యూబులో గాలి ఉన్నట్టు. ఆ ఒత్తిడి కాస్త తగ్గినా కణం గోడ సాగదు. మొక్క వాడిపోయినట్టు కనిపించక ముందే, కిరణజన్య సంయోగక్రియ తగ్గక ముందే, ఆకు సాగడం ఆగిపోతుంది. 1970లో బోయర్ అనే శాస్త్రవేత్త మొక్కజొన్న, సోయా, పొద్దుతిరుగుడు మొక్కల్లో కొలిచి చూపించింది ఇదే. నీటి కొరత మొదలవగానే ముందు దెబ్బతినేది ఆకు పెరుగుదల, కిరణజన్య సంయోగక్రియ దెబ్బతినేది ఆ తర్వాత.

అందుకే "మా మొక్క వాడలేదు కదా, నీళ్లు సరిపోతున్నాయి" అనుకోవడానికి లేదు. వాడిందంటే అప్పటికే చాలా ఆలస్యం.

మీ రెండో ప్రశ్నకు జవాబు: పెద్దవి కావు. వంగ, మిర్చి లాంటి వాటిలో ఆకు సైజు అది విచ్చుకుని సాగే ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. ఆ సమయం దాటితే కణం గోడలు గట్టిపడతాయి. తర్వాత మీరు ఎంత నీరు పోసినా, ఎంత ఎరువు వేసినా ఆ ఆకు అంతే. కొత్తగా వచ్చే ఆకులను చూసి మీ మార్పు పనిచేసిందో లేదో తేల్చుకోవాలి, పాతవాటిని చూసి కాదు.

ఉప్పల్_రవి
మేడం, ఒక డౌటు. ఆవిడ రోజూ రెండుసార్లు నీళ్లు పోస్తున్నాను అంటోంది. అలాంటప్పుడు నీటి కొరత ఎక్కడిది? మీ సిద్ధాంతం ఇక్కడ కుదరడం లేదు.

బోటనీ_మేడం
@ఉప్పల్_రవి మంచి ప్రశ్న బాబూ. కుండీలో నీళ్లు ఉండటం వేరు, ఆకులోకి నీళ్లు చేరడం వేరు. మధ్యలో అడ్డుపడేవి మూడు ఉన్నాయి.

ఏప్రిల్ మధ్యాహ్నం మన ఊళ్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా. ఆకు నుంచి నీరు ఆవిరయ్యే వేగాన్ని వేర్లు అందుకోలేవు. అప్పుడు మొక్క పత్రరంధ్రాలు మూసుకుంటుంది, ఆకులో ఒత్తిడి తగ్గుతుంది, సాగడం ఆగుతుంది. ఇలాంటి ఎండ రోజుల్లో ఆకు పెరిగేది ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున.

రెండోది వేరు వేడెక్కడం. వేడెక్కిన వేరు నీటిని లాగలేదు. మిద్దె మీద నల్ల సంచి అంటే ఇదే మొదట అనుమానించాలి.

మూడోది నీళ్లలోని ఉప్పు. మట్టి తడిగానే ఉన్నా ఉప్పు ఎక్కువైతే వేరు ఆ నీటిని తీసుకోలేదు. మొక్కకు అది బెట్టతో సమానం.

ఈ మూడింట్లో ఏదైనా సరే, మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. రంధ్రాలు మూసుకొమ్మని ఆకుకు అదే చెబుతుంది.

పటాన్‌చెరు_జొన్న
మేడం చెప్పింది చేన్ల రోజూ చూస్తం. బెట్టకొచ్చిందంటే జొన్న ఆకు మధ్యాహ్నం గొట్టంలెక్క చుట్టుకుంటది, పొద్దుగూకినంక మళ్ల విప్పుకుంటది. పొద్దున్నే లేచి పోయి చూసినా చుట్టుకునే ఉందంటే ఇగ తడి పెట్టాల్సిందే. అది మా లెక్క.

ఇంకోటి, దీనికి సంబంధం లేకున్నా చెప్తున్న. బెట్టకు గిడసబారిన లేత జొన్నను పశువులకు మేపద్దు. నాము తగులుతది. అట్లాంటి లేత జొన్నల సైనైడ్ పెరుగుతది. మా దిక్కు ఎడ్లు చచ్చిపోయినయి. వాన పడంగనే కొత్త పిలకలు పచ్చగ కనిపిస్తయి, అదే ఇంకా ప్రమాదం.

కాప్రా_కుండీలు
@పటాన్‌చెరు_జొన్న ఇది నాకు నిజంగా తెలియదు. మా ఊళ్లో తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.

నీళ్ల_లెక్క
నిజాంపేట అంటున్నారు, అయిదో అంతస్తు అంటున్నారు. బోరు నీళ్లా, ట్యాంకరా, మంజీర నల్లా నీళ్లా? టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) ఎంత? ఇది తేల్చకుండా పైన ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

నిజాంపేట_మిద్దె
బోరు, ఎండాకాలం ట్యాంకరు. ఇప్పుడే ఆర్‌ఓ ఆయన వదిలేసి వెళ్లిన మీటరుతో చూశాను, 1340. వంటింటి ఆర్‌ఓ నుంచి వచ్చే వేస్టు నీళ్లు కూడా పారబోయడం ఎందుకని మొక్కలకే పోస్తున్నాను.

మల్కాజిగిరి_అమ్మమ్మ
అయ్యో, ఆర్‌ఓ వేస్టు నీళ్లు విషం తల్లీ! ఉప్పంతా అందులోనే ఉంటుంది.

నీళ్ల_లెక్క
@మల్కాజిగిరి_అమ్మమ్మ అంత విషమేమీ కాదమ్మా, లెక్క చూద్దాం. మిషన్‌లోకి 4 లీటర్లు వెళ్లి, 1 లీటరు మంచినీళ్లు వచ్చి, 3 లీటర్లు బయటికి పోయాయనుకోండి. 4 లీటర్ల ఉప్పు దాదాపుగా ఆ 3 లీటర్లలో చేరింది. అంటే మూడో వంతు పెరిగింది. ఈవిడ 1340 కాస్తా 1780 దాకా అవుతుంది. మంజీర నీళ్లు వచ్చే ఇళ్లలో అయితే ఆ వేస్టు నీళ్లతో పెద్ద ఇబ్బంది ఉండదు. ఈవిడకు మాత్రం మొదలే ఎక్కువ కాబట్టి వద్దు. బాత్రూం కడగడానికి వాడుకోండి.

సాగునీటికి ప్రపంచమంతా వాడే కొలత ప్రకారం 450 లోపు నిశ్చింత, 450 నుంచి 2000 దాకా జాగ్రత్తగా వాడాలి, దాటితే చాలా పంటలకు కష్టం. పంటను బట్టి కూడా మారుతుంది. మట్టిలో ఉప్పును మీటరుకు ఇన్ని డెసిసీమెన్స్ అని కొలుస్తారు, అంకె పెరిగితే ఉప్పు ఎక్కువ అని. బీన్స్ 1 దాటితే చాలు, దిగుబడి పడిపోవడం మొదలు. మిరప 1.5, టమాటా 2.5. బీట్‌రూట్ 4 దాకా ఓర్చుకుంటుంది. మన పాలకూర కూడా బీట్‌రూట్ జాతే. అందుకే అడుగుతున్నాను, మీ బీన్స్ ఎలా ఉన్నాయి?

నిజాంపేట_మిద్దె
అన్నిటికంటే ముందు పాడైంది బీన్సే! ఆకు అంచులు కాలినట్టు అయిపోయాయి. పాలకూర మాత్రం ఆకు రంగు బాగుంది. నేను ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు. సంచుల అంచుల మీద తెల్లగా పొరలాగా కూడా ఉంది, సున్నం అనుకున్నాను.

నీళ్ల_లెక్క
ఆ తెల్లపొరే ఉప్పు. నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. రోజూ రెండుసార్లు కొంచెం కొంచెం పోసినప్పుడు అడుగు నుంచి చుక్క కూడా బయటికి రాదు. రోజురోజుకీ పేరుకుంటుంది. అలా రెండుసార్లు తడపడం కంటే, ఒక్కసారే అడుగు నుంచి అయిదో వంతు కారిపోయేలా నిండుగా పోయడం మంచిది. కారిన నీళ్లను పళ్లెంలో నిలవనివ్వొద్దు.

ఎల్‌బీనగర్_సేంద్రియం
మట్టిలో జీవం ఉంటే ఉప్పు ఏం చేస్తుంది? జీవామృతం పోయండి, వర్మీకంపోస్టు ఎంత వేసినా నష్టం లేదు. ఇవన్నీ రసాయన ఎరువులు వాడేవాళ్ల సమస్యలు.

నీళ్ల_లెక్క
@ఎల్‌బీనగర్_సేంద్రియం ఇక్కడ మాత్రం ఒప్పుకోను అన్నా. వర్మీకంపోస్టులో కూడా కరిగే లవణాలు ఉంటాయి. పొలంలో అయితే వానకు కిందికి దిగిపోతాయి. 12 అంగుళాల సంచిలో ఎక్కడికి పోతాయి? కడగని కోకోపీట్‌లో కూడా సోడియం, పొటాషియం ఉంటాయి. ఆవిడ సంచిలో బోరు నీళ్ల ఉప్పు, దాని మీద రెట్టింపు కంపోస్టు. మొక్కకు ఆకలి లేదు, దాహం ఉంది.

ఎల్‌బీనగర్_సేంద్రియం
సేంద్రియ పదార్థం తేమను పట్టి ఉంచుతుంది, వేరును కాపాడుతుంది. అది మీరు కాదనలేరు.

నీళ్ల_లెక్క
కాదనడం లేదు. అయితే మట్టిలో కలపడం కంటే పైన పరచండి. ఎండుటాకులు, వరిగడ్డి మూడు అంగుళాల మందం పరిస్తే మీరన్న మేలంతా వస్తుంది, ఉప్పు పెరగదు.

ఎల్‌బీనగర్_సేంద్రియం
ఆచ్ఛాదన. అది నేను మొదటినుంచీ చెబుతున్నదే. సరే, అక్కడ కలిశాం.

తార్నాక_థర్మామీటర్
వేరు వేడి గురించి మేడం రాసింది చదివి నా అనుభవం పెడుతున్నాను. మట్టిలో గుచ్చే థర్మామీటరుతో మధ్యాహ్నం మూడింటికి చూస్తే, పడమటి వైపు ఎండ తగిలే నల్ల సంచిలో అంచు దగ్గర 46 డిగ్రీలు. అదే మిద్దె మీద, అదే సమయంలో, మట్టి కుండీలో 35. మట్టి కుండీ గోడ నుంచి నీరు ఆవిరై చల్లబడుతుంది కదా. ఇంకోటి, సంచి నేరుగా శ్లాబు మీద ఉంటే రాత్రి పదింటికి కూడా అడుగు వెచ్చగానే ఉంటోంది. ఆకు పెరిగేది రాత్రే అని మేడం అంటున్నారు, మరి రాత్రి కూడా వేరుకు ఊపిరి అందకపోతే ఎలా?

నేను చేసింది: సంచులన్నీ రెండేసి ఇటుకల మీద పెట్టాను, దగ్గర దగ్గరగా గుంపుగా చేర్చాను, బయటి వరసకు తెల్ల గోనె చుట్టాను. మధ్యలో ఉన్న సంచులు 36 దాటడం లేదు. ఖర్చు దాదాపు లేదు. గాలి కూడా కొంత ఆగుతుంది.

బోటనీ_మేడం
@తార్నాక_థర్మామీటర్ గాలి మాట ఎత్తారు, సంతోషం. ఎప్పుడూ గాలికి ఊగే మొక్క పొట్టిగా, కాండం లావుగా, ఆకు చిన్నగా పెరుగుతుంది. నీటి వల్ల కాదు, ఆ కదలిక వల్లే. అయిదో అంతస్తులో అది కూడా లెక్కలోకి వస్తుంది.

కొంపల్లి_షేడ్‌నెట్
ఇన్ని ఎందుకు, 90 శాతం గ్రీన్ నెట్ కట్టేయండి. మా వంగ ఆకులు విస్తరాకంత వచ్చాయి!

ఖమ్మం_మిరప
@కొంపల్లి_షేడ్‌నెట్ ఆకు సరే, కాయ వచ్చిందా అన్నా?

కొంపల్లి_షేడ్‌నెట్
...పూత తక్కువే.

బోటనీ_మేడం
నీడలో పెరిగిన ఆకు పెద్దదిగా, పలచగా ఉంటుంది, ఉన్న కాస్త వెలుతురును పట్టుకోవడానికి. ఎండలో ఆకు చిన్నదిగా, మందంగా ఉంటుంది. కాబట్టి ఆకు పెద్దదైనంత మాత్రాన మొక్క సుఖంగా ఉందని కాదు. వంగ, మిర్చికి 50 శాతం నెట్ చాలు, అది కూడా మే చివరిదాకా. వానలు మొదలవగానే తీసేయాలి.

చిన్న ఆకు ఎప్పుడూ జబ్బు కాదని కూడా గుర్తుంచుకోండి. చింత, జమ్మి, తుమ్మ ఆకులు చూడండి. చిన్న ఆకు మీద గాలి పొర పలచగా ఉంటుంది, వేడి త్వరగా వదిలించుకుంటుంది, నీరు ఖర్చు చేయకుండానే చల్లబడుతుంది. ఎండకు అలవాటు పడ్డ చెట్లు చేసుకున్న ఏర్పాటు అది. మన వంగ మొక్కకు అలాంటి ఆకు లేదు, అందుకే మనం చూసుకోవాలి.

ఉప్పల్_రవి
మరి వేపచెట్టు? ఉగాదికి ఎర్రటి ఎండలో లేత చిగురు వేస్తుంది. దానికి బెట్ట లేదా?

బోటనీ_మేడం
దాని వేరు లోతుకు పోయింది. మన సంచిలో వేరుకు అడుగు లోతే.

మల్కాజిగిరి_అమ్మమ్మ
2021లో మా వీధిలో వేపచెట్లన్నీ కొమ్మలు ఎండిపోయి కాలినట్టు అయ్యాయి. ఎండ వల్లేనా అది?

బోటనీ_మేడం
కాదమ్మా, అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం. వానాకాలం తర్వాత తెలంగాణ అంతటా కనిపించింది, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడైంది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఎండ దెబ్బకూ తెగులుకూ తేడా చూడకుండా అప్పట్లో కొందరు చెట్లు నరికించేశారు. చాలా బాధ వేసింది నాకు.

నిజాంపేట_మిద్దె
కరివేపాకు పసుపు గురించి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పోపుకు కూడా పక్క వాళ్లను అడగాల్సి వస్తోంది.

ఖమ్మం_మిరప
ఈనెలు పచ్చగ, మధ్యల పసుపు, అదీ లేత ఆకుల్లనే అంటే ఇనుము లోపం. 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు లీటరు నీళ్లల్ల కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి. మంచి నీళ్లల్ల కలపాలె, బోరు నీళ్లల్ల కాదు. కలిపిన వెంటనే కొట్టాలె, తెల్లారి దాకా దాచొద్దు.

నీళ్ల_లెక్క
అన్న చెప్పినదానికి కారణం: బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఉంటాయి, వాటితో మట్టి పీహెచ్ (క్షారగుణం) పెరుగుతుంది. ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. అందుకే మట్టిలో వేస్తే లాభం తక్కువ, ఆకు మీద కొట్టాలి. ఆకు పసుపు లేకుండా ఊరికే చిన్నగా, కణుపులు దగ్గరగా ఉంటే జింకు లోపం కూడా చూడాలి. జింకు కూడా ఎక్కువ పీహెచ్‌లో అందదు.

ఇంట్లో ఏసీ ఉందా? ఆ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. బకెట్ పెట్టి పట్టండి. బోరు నీళ్లలో సగానికి సగం కలిపితే మీ 1340 కాస్తా 670 అవుతుంది.

నిజాంపేట_మిద్దె
ఏసీ నీళ్లు బాల్కనీలో ఊరికే పోతున్నాయి! ఇవాళే పైపు తిప్పుతాను. కరివేపాకు కొమ్మలు కత్తిరిస్తే కొత్త ఆకు పెద్దగా వస్తుందా?

మల్కాజిగిరి_అమ్మమ్మ
ఇప్పుడు కత్తిరించొద్దు తల్లీ. తొలకరి పడ్డాక కత్తిరించు.

కాప్రా_కుండీలు
నేను ఏప్రిల్‌లోనే కత్తిరిస్తాను, బాగానే వస్తుంది.

బోటనీ_మేడం
అమ్మమ్మ మాటే నాది కూడా. ఇప్పుడు కత్తిరిస్తే వచ్చే చిగురు కూడా ఇదే ఎండలో, ఇదే ఉప్పులో సాగాలి, మళ్లీ చిన్నవే వస్తాయి. కాప్రా వారి చెట్టు బహుశా నేలలో ఉండి ఉంటుంది.

కాప్రా_కుండీలు
అవును మేడం, నేలలోనే ఉంది. బోరు పక్కనే.

గచ్చిబౌలి_బాల్కనీ
మధ్యలో దూరుతున్నాను. మా పాలకూర ఆకు చిన్నగా రావడమే కాదు, కాడ పైకి లేచి పూతకొస్తోంది. ఎండాకాలం ఏ ఆకుకూర వేసుకోవాలి?

బోటనీ_మేడం
పాలకూరకు పగలు పొడుగై, వేడి పెరిగితే పూతకొచ్చే స్వభావం ఉంది. దాన్ని ఆపలేరు. తోటకూర వేయండి. అది సీ4 మొక్క, అంటే జొన్న, మొక్కజొన్న లాగా ఎక్కువ వేడిలో, తక్కువ నీటితో కూడా పిండిపదార్థం తయారు చేసుకోగలదు. గోంగూర, బచ్చలి కూడా వస్తాయి. బచ్చలికి మాత్రం కొంచెం నీడ, నిండా నీళ్లు.

ఉప్పల్_రవి
వాన పడగానే రెండు రోజుల్లో మొక్కలన్నీ ఒక్కసారి లేస్తాయి కదా, వాననీళ్లలో నత్రజని ఉంటుంది కాబట్టే అంటారు. నిజమేనా?

నీళ్ల_లెక్క
నత్రజని కొంత ఉంటుంది, కానీ అంతా దాని గొప్ప కాదు. వానకు సంచిలోని ఉప్పు కడిగేసుకుపోతుంది, బైకార్బొనేట్లు లేని నీళ్లు అందుతాయి, శ్లాబు చల్లబడుతుంది, గాలిలో తేమ పెరిగి ఆకు పగలు కూడా సాగగలుగుతుంది. ఒక్కసారే అన్ని అడ్డంకులూ తొలగిపోతాయి.

నిజాంపేట_మిద్దె
సంచులు ఇటుకల మీదకి ఎక్కించాను, పడమటి వరసకు గోనె చుట్టాను. కంపోస్టు ఆపేశాను. మంజీర నీళ్లు వచ్చే చెల్లెలి ఇంటి నుంచి క్యాన్లు తెచ్చి సంచులన్నీ అడుగు నుంచి కారేదాకా కడిగాను, మొదట కారిన నీళ్లు మీటరులో పెడితే 3100 చూపించింది! చివరికి 900కి దిగింది. వంగలో కొత్త మొగ్గలు కనిపిస్తున్నాయి, ఇంకా విచ్చుకోలేదు.

నీళ్ల_లెక్క
3100 అంటే మీ మిరప ఇన్నాళ్లు బతకడమే గట్టితనం. ఇప్పుడు రెండు వారాల దాకా ఎరువు ఏదీ వేయొద్దు. ఆ వంగ మొగ్గ ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక, పాత ఆకు పక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. బీన్స్ పీకేసి, ఆ సంచిలో తోటకూర చల్లండి.

ఖమ్మం_మిరప
అక్కా, ఇంకొక్క మాట. కొత్త చిగురు వస్తుందంటే తామర పురుగు కూడా వస్తది. వారానికోసారి తెల్ల కాయితం మీద చిగురు తట్టి చూడండి. సన్నటి పురుగులు రాలితే అప్పుడు వేపనూనె కొట్టండి, రాలకపోతే ఏదీ కొట్టొద్దు.